బాల్‌విడ్డర్ సమాధుల తోట: రాయి వయసు వేరు, పేరు వయసు వేరు

స్కాట్లాండ్‌లో కాలండర్ పట్టణం దాటి ఏ84 రోడ్డు మీద ఉత్తరంగా వెళ్తే, కింగ్స్‌హౌస్ దగ్గర ఒక సన్నటి దారి పడమరకు చీలుతుంది. ఆ దారిన రెండు మైళ్ళు పోతే బాల్‌విడ్డర్. గేలిక్ భాషలో లాఖ్ అంటే సరస్సు. లాఖ్ వాయిల్ అనే పొడుగాటి సరస్సుకు తూర్పు కొసన, కొండవాలులో ఆ ఊరి చర్చి ఉంది. ఆవరణ చిన్నదే. అందులో 1855లో కట్టిన చర్చి, దాని పక్కనే కప్పు ఎగిరిపోయిన 1631 నాటి చర్చి గోడలు, వాటిని చుట్టుకుని సమాధుల తోట. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది రాబ్ రాయ్ మెక్‌గ్రెగర్ సమాధి చూడ్డానికే వస్తారు. పశువుల బేరగాడిగా బతుకు మొదలుపెట్టి, అప్పుల పాలై, మాంట్రోజ్ డ్యూక్‌తో వైరం పెట్టుకుని, చివరి రోజులు ఈ లోయ పైకొసన ఇన్వర్‌లాఖ్‌లారిగ్‌లో గడిపి, 1734 డిసెంబర్ 28న కన్నుమూసిన మనిషి ఆయన. పాత చర్చి గోడ పక్కన ఇనుప చట్రం మధ్య మూడు బండలు పరిచి ఉంటాయి. ఫొటో తీసుకుని వెళ్ళిపోతారు.

ఆయనదని చూపించే బండ మాత్రం ఆయనకంటే కొన్ని వందల ఏళ్ళు పెద్దది.

వంగి చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. దాని మీద అక్షరం ముక్క లేదు. ఒక కత్తి, ఒక మనిషి బొమ్మ, అరిగిపోయిన మరికొన్ని చెక్కడాలు ఉన్నాయి. 18వ శతాబ్దంలో స్కాట్లాండ్ పల్లెల్లో సమాధిరాయి అంటే పేరో, పొడి అక్షరాలో, సంవత్సరమో, ఒక పుర్రె బొమ్మో ఉండేది. కత్తిని నిలువునా చెక్కిన బండలు మధ్యయుగపు అలవాటు. అప్పట్లో ఎవరో యోధుడి కోసం చెక్కిన రాయిని తర్వాతి తరాలు ఇంకొకరి మీద పరిచాయి. ఇందులో మోసం ఏమీ లేదు. కొండలో నుంచి నిలువెత్తు బండ ఊడదీయించి, చెక్కించి, బండి దారి కూడా సరిగ్గా లేని లోయలోకి మోయించడం మామూలు కుటుంబానికి తలకు మించిన పని. వారసులు లేని పాత బండ ఆవరణలోనే పడి ఉంటే అదే అక్కరకొచ్చేది. ఇక తల దగ్గర నిలబెట్టిన పలకరాయి మీద ‘వాళ్ళు వద్దన్నా మెక్‌గ్రెగరే’ అని అర్థం వచ్చే మాటలున్నాయి. ఆ పలక మన కాలానికి దగ్గరిది.

అంటే ఒకే సమాధి మీద మూడు కాలాలు పేరుకుని ఉన్నాయి: బండది మధ్యయుగం, కింద ఉన్న మనిషిది 1734, పేరు రాసిన పలక ఆ తర్వాతి కాలానిది. ఈ లోయలోనూ చుట్టుపక్కల సరస్సు ఒడ్డు పారిష్‌లలోనూ (ఒక చర్చి కిందికి వచ్చే ఊళ్ళను కలిపి పారిష్ అంటారు) సమాధులను చదవాలంటే ముందు నేర్చుకోవాల్సింది ఈ విడదీతే. రాయి ఎప్పటిది, అది ఇక్కడికి ఎప్పుడొచ్చింది, దాని మీది పేరు ఎప్పుడు చేరింది అనేవి మూడు వేరువేరు ప్రశ్నలు. ఒకదానికి దొరికిన జవాబును మిగతా రెండింటికీ అంటగడితే తప్పులో కాలేసినట్టే.

పేరు సంగతి ఇక్కడ మరీ చిక్కు. మెక్‌గ్రెగర్ అనే ఇంటిపేరునే ప్రభుత్వం నిషేధించింది. 1589లో రాజు అడవికి అధికారి అయిన జాన్ డ్రమండ్ తల నరికి, ఆ తలను బాల్‌విడ్డర్ చర్చికి తెచ్చి, దాని మీద చెయ్యి పెట్టి మెక్‌గ్రెగర్ వంశం అంతా నేరాన్ని పంచుకుంటామని ఒట్టు వేసిందని రాజు మంత్రిమండలి రికార్డుల్లో ఉంది. ఇప్పుడు కనిపించే గోడలు అప్పటికి లేవు, అది అంతకు ముందున్న చర్చి. 1603లో ఆ ఇంటిపేరు పెట్టుకుంటే మరణశిక్ష అన్నారు. 1661లో ఎత్తేశారు, 1693లో మళ్ళీ పెట్టారు, చివరికి 1774లో పూర్తిగా రద్దు చేశారు. రాబ్ రాయ్ కూడా చాలాకాలం తల్లి పుట్టింటి పేరు క్యాంప్‌బెల్‌తో సంతకం పెట్టాడు, పోయేనాటికి నిషేధం అమల్లోనే ఉంది. కాబట్టి 1774కు ముందు నాటి రాళ్ళలోనూ రిజిస్టర్లలోనూ మెక్‌గ్రెగర్ల కోసం వెతికి, కనబడలేదని ‘ఆ కుటుంబం ఇక్కడ లేదు’ అని తేల్చేయడం పొరపాటు. వాళ్ళు డ్రమండ్, క్యాంప్‌బెల్, గ్రాహం, మర్రే లాంటి పేర్ల చాటున ఉన్నారు. పేరు మారినా పొలం మారదు. అందుకే ఈ లోయలో మనిషిని ఇంటిపేరుతో కాక నివాసపు పేరుతో పట్టుకోవాలి: ఏ వ్యవసాయక్షేత్రం, ఏ వాగు ఒడ్డు అన్నది రాయి మీదా రిజిస్టర్‌లోనూ ఒకేలా ఉంటే అక్కడే ఆగి చూడాలి.

చోటు మారిన రాయికి ఇదే ఆవరణలో ఇంకా మంచి ఉదాహరణ ఉంది. 1855 చర్చి లోపల గోడకు నిలబెట్టిన బండను ఆంగస్ రాయి అంటారు. ఈ లోయకు క్రైస్తవాన్ని తెచ్చాడని చెప్పుకునే సాధువు ఆంగస్ సమాధి మీదిదని నమ్మకం. పాత చర్చిలో ఇది నేల మీద ఉండేది. పెళ్ళిళ్ళకూ బిడ్డల బాప్తిస్మాలకూ జనం దీని మీదే నిలబడేవాళ్ళు, మోకరిల్లేవాళ్ళు. ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ అయిన ప్రెస్బిటేరియన్ పాదిరులకు అది మూఢనమ్మకంలా తోచి, 18వ శతాబ్దం చివర్లో దాన్ని అక్కడి నుంచి తీయించి బయట పెట్టించారు. తర్వాత ఎప్పటికో మళ్ళీ లోపలికి చేరింది. రాయి మీద ఒక మతగురువు రెండు చేతులతో పాత్ర పట్టుకుని ఉన్నట్టు చెక్కారు. ఆంగస్‌ది 8వ లేదా 9వ శతాబ్దం అంటారు. పూజాపాత్ర బొమ్మ మాత్రం మధ్యయుగంలో పాదిరి సమాధికి మామూలుగా వేసే గుర్తు. అందుకని రాయి సాధువు కాలం కంటే తర్వాతిది కావడానికే ఎక్కువ వీలుంది. దానివల్ల రాయి విలువ తగ్గదు. ఊరు ఊరంతా తరతరాలుగా తన పెళ్ళిళ్ళకు సాక్షిగా పెట్టుకున్న రాయి అది. దాన్ని నేల మీద నుంచి గోడకు చేర్చడంతో అరుగుదల ఆగింది గానీ, అది ఎక్కడ ఉండేదో, పాదాలు ఎటు పెట్టి ఉండేదో చెప్పే ఆధారం పోయింది. రాయిని కదిపితే పోయేది ఆ ఆధారమే.

పాదిరులు రాసిపెట్టకపోతే ఆంగస్ రాయి కథ కూడా దక్కేది కాదు. 1791 నుంచి 1799 వరకు సర్ జాన్ సింక్లెయిర్ స్కాట్లాండ్‌లోని ప్రతి పారిష్ పాదిరికీ ప్రశ్నావళి పంపి, వచ్చిన జవాబులను 21 సంపుటాలుగా అచ్చు వేయించాడు. పంటలు, జనం, కూలిరేట్లు, పాత కట్టడాలు, ఆచారాలు అన్నీ అందులో ఉంటాయి. తెలుగువాళ్ళకు ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. దాదాపు అదే కాలంలో, అదే దేశపు స్టోర్నోవేలో పుట్టిన కాలిన్ మెకంజీ కావలి సోదరుల సాయంతో మన ఊళ్ళ కైఫియ్యతులు, అంటే స్థానిక చరిత్రలు, రాయించాడు. అక్కడ పాదిరి చేసిన పని ఇక్కడ కరణం చేశాడు. రెండింటినీ చదివే జాగ్రత్త కూడా ఒకటే: రాసినవాడు తనకు నచ్చని ఆచారాన్ని రెండు ముక్కల్లో తేల్చేస్తాడు, ఆ రెండు ముక్కలే మనకు బంగారం.

ఇక కట్టడాలు. 1560లో స్కాట్లాండ్ పోప్ అధికారాన్ని కాదన్నాక చర్చి లోపలి అమరికే మారిపోయింది. బలిపీఠం పోయింది, ప్రసంగవేదిక ముఖ్యమైంది. పొడుగాటి దీర్ఘచతురస్రపు గదిలో దక్షిణపు గోడ మధ్యన వేదిక, దానికి అటూఇటూ కిటికీలు పెట్టడం పల్లె చర్చిలకు అలవాటైంది. కప్పు లేని పాత చర్చి గోడల్లో కిటికీలు ఎటు ఉన్నాయో చూస్తే పాదిరి ఎక్కడ నిలబడేవాడో ఊహించవచ్చు. చర్చి లోపల శవాలను పూడ్చవద్దని కొత్త వ్యవస్థ పదేపదే ఆజ్ఞలిచ్చింది. కప్పు కూలి చర్చి శిథిలమయ్యాక మాత్రం ఆ నాలుగు గోడల మధ్య చోటే అందరికంటే గొప్ప చోటైంది. అందుకే ఇలాంటి శిథిలాల లోపల కనిపించే సమాధులు చాలావరకు చర్చి వాడకంలో ఉన్నప్పటివి కావు, పాడుబడ్డాకవి.

1631 చర్చిని స్కోన్ ప్రభువు డేవిడ్ మర్రే కట్టించాడు. 1855 చర్చికి వాస్తుశిల్పి డేవిడ్ బ్రైస్, డబ్బు పెట్టింది స్ట్రోన్‌వార్ ఎస్టేటు యజమాని డేవిడ్ కార్నెగీ. అప్పటి చట్టం ప్రకారం పారిష్ చర్చిని కట్టడం, బాగుచేయడం భూస్వాములందరి ఉమ్మడి బాధ్యత. బాల్‌విడ్డర్‌లో ఒక్కరే ఖర్చు భరించడంతో పాతదాన్ని పడగొట్టి ఆ రాయినే వాడాల్సిన అవసరం రాలేదు. పొదుపు చేసిన పారిష్‌లలో పాత చర్చి రాళ్ళు కొత్త గోడల్లోకి పోయాయి, వాటితో పాటు సమాధిరాళ్ళు కూడా. అలాంటి చోట గుమ్మం పైరాయి అడుగునో, మెట్ల కిందనో చెక్కడాలు బయటపడుతుంటాయి.

బాల్‌విడ్డర్‌లో 1664 నుంచి 1685 వరకు పాదిరిగా ఉన్న రాబర్ట్ కర్క్ కీర్తనలను గేలిక్ పద్యాల్లోకి తెచ్చి 1684లో అచ్చు వేయించాడు. తర్వాత దక్షిణాన ఉన్న ఆబర్‌ఫాయిల్‌కు మారి 1692లో చనిపోయాడు. దేవకన్యలు ఎత్తుకుపోయారని అక్కడి జనం చెప్పుకున్నారు. ఆబర్‌ఫాయిల్‌లోని కర్క్‌టన్ అనే చోట ఆయన పేరున్న బండ మీద లాటిన్‌లో ఆయనను ‘ఐరిష్ భాషకు వెలుగు’ అన్నారు. అప్పట్లో గేలిక్‌ను అలాగే పిలిచేవాళ్ళు. అదే ఆవరణలో పాత చర్చి గుమ్మానికి అటూఇటూ శవపేటిక ఆకారంలో రెండు బరువైన ఇనుప దిమ్మెలున్నాయి. వీటి పని కొంచెం వివరంగా చెప్పుకోవాలి. 19వ శతాబ్దం మొదట్లో ఎడిన్‌బరో, గ్లాస్గో వైద్యకళాశాలలకు కోసి చూడ్డానికి శవాలు కావాల్సి, తాజా సమాధులు తవ్వి అమ్మేవాళ్ళు తయారయ్యారు. శవపేటికను గోతిలో దించాక ఈ ఇనుప దిమ్మెను కప్పీతో దాని మీదికి దించేవాళ్ళు. శవం కుళ్ళి ఎవరికీ పనికిరాకుండా పోయేదాకా, కొన్ని వారాలు అలా ఉంచి, మళ్ళీ తవ్వి పైకి లాగి ఇంకొకరికి వాడేవాళ్ళు. కప్పీ, మనుషులు లేనిదే అది కదలదు, దొంగకు రాత్రిపూట అంత తీరిక ఉండదు. 1832లో శరీరశాస్త్ర చట్టం వచ్చి కళాశాలలకు చట్టబద్ధంగా శవాలు దొరకడం మొదలయ్యాక వీటి అవసరం తీరింది. చాలామంది వీటిని సమాధులే అనుకుంటారు. వీటి కింద ఎవరూ లేరు.

రాయి జాతి తెలిస్తే సగం చదివినట్టే. భూమి పొరలు తెగి జరిగిన గీతను భ్రంశరేఖ అంటారు. బాల్‌విడ్డర్ హైలాండ్ భ్రంశరేఖకు ఉత్తరాన ఉంది, ఇక్కడి కొండరాయి షిస్ట్. కడప రాయిలాగే పొరలు పొరలుగా చీలుతుంది, అందుకే పలకలుగా తీయడం తేలిక. ఆ తేలికే దాని బలహీనత కూడా. పొరల మధ్యకు చేరిన నీరు గడ్డకట్టినప్పుడు సుమారు 9 శాతం ఉబ్బుతుంది, ఒక్కో శీతాకాలం ఒక్కో పొరను కొంచెం లేపుతుంది. పలకను నిలబెడితే పొరల అంచులు ఆకాశం వైపు తిరిగి నీటిని తాగుతాయి. పడుకోబెడితే నీరు చెక్కడపు గీతల్లోనే నిలుస్తుంది. భ్రంశరేఖకు దక్షిణాన ఇసుకరాయి ఎక్కువ. దాని అక్షరాలు మొదట్లో పదునుగా ఉన్నా ముఖం ముఖమే ఊడి పడుతుంది. మెరుగుపెట్టిన గ్రానైట్ కనిపిస్తే 19వ శతాబ్దం రెండో సగానికి రావచ్చు. 1870లో కాలండర్ నుంచి రైలు ఈ వైపు వచ్చాక బరువైన రాయిని దూరం నుంచి తెప్పించడం సులువైంది. గ్రానైట్ మీద 1790ల నాటి చావు రాసి ఉంటే అది మనవలో మునిమనవలో పెట్టించినది. అందులోని వయసులు, తేదీలు ఇంట్లో చెప్పుకున్న జ్ఞాపకాలే తప్ప అప్పటి రికార్డు కాదు.

18వ శతాబ్దపు రాళ్ళ మీద రెండు జతల పొడి అక్షరాలు, మధ్యలో సంవత్సరం తరచుగా కనిపిస్తాయి. అవి భార్యాభర్తలవి. ఆ సంవత్సరం చావుది కాకపోవచ్చు, చాలాసార్లు ఆ చోటు తమదని రాయి పెట్టించిన ఏడాది. దాన్ని మరణ సంవత్సరంగా వంశవృక్షంలో ఎక్కించడం తరచుగా జరిగే పొరపాటు. ఇంకొక మంచి విషయం ఆడవాళ్ళ పేర్లది. స్కాట్లాండ్‌లో పెళ్ళయ్యాక కూడా రాతి మీద పుట్టింటి ఇంటిపేరే రాసేవాళ్ళు. ఫెర్గుసన్ ఇంటి ఆడపడుచు మెక్‌లారెన్ ఇంటి కోడలైనా రాయి మీద ఫెర్గుసన్‌గానే ఉంటుంది. వియ్యంకులు ఎవరో ఒక్క రాయే చెబుతుంది. జనం గేలిక్ మాట్లాడినా రాతలు మాత్రం దాదాపు అన్నీ ఇంగ్లిష్‌లో, కొన్ని లాటిన్‌లో. గేలిక్ పేరును చెక్కేవాడు వినిపించినట్టు రాసేవాడు కాబట్టి ఒకే ఇంటిపేరుకు నాలుగు వర్ణక్రమాలు ఎదురవుతాయి.

అక్షరాలు కనిపించకపోతే రాతిని గీకాల్సిన పని లేదు, వెలుగును తిప్పాలి. మబ్బు పట్టిన రోజున గానీ, సాయంత్రం మసక చీకట్లో గానీ, టార్చిని రాతి ముఖానికి దాదాపు ఆనించినట్టు పక్క నుంచి వెయ్యాలి. పగలు ఎండలో అయితే ఒకరు అద్దం పట్టుకుని వెలుగును పక్క నుంచి రాతి మీదికి మళ్ళించాలి. కుడి నుంచి, ఎడమ నుంచి, పై నుంచి, కింద నుంచి నాలుగు ఫొటోలు తీస్తే ఒకదానిలో దొరకని గీత ఇంకొకదానిలో దొరుకుతుంది. కొలబద్ద ఫ్రేమ్‌లో ఉండాలి. ఎత్తు, వెడల్పు, మందం మిల్లీమీటర్లలో రాసుకుని, ముఖం ఏ దిక్కుకు ఉందో గుర్తించాలి. త్రిమితీయ నమూనా చేయాలనుకుంటే ఒక మోస్తరు రాయికి 40 ఫొటోల దాకా, ఒక్కోటి ముందుదానితో మూడింట రెండు వంతులు కలిసేలా, మబ్బు వెలుగులో తీస్తే సరిపోతుంది. ఎండ మారుతుండగా తీస్తే నీడలు ఒకదానితో ఒకటి కలవక నమూనా చెడుతుంది.

సుద్దముక్క రుద్దడం, పిండి చల్లడం, గడ్డం గీసుకునే నురగ పూయడం పాత అలవాట్లు. వాటన్నిటినీ మానాలి. సుద్ద గీతల్లో చదివినవాడు అనుకున్నదే మిగులుతుంది, కింద ఉన్న అసలు గీత మరుగున పడుతుంది. పిండి, నురగ రంధ్రాల్లో దిగి నాచుకు మేత అవుతాయి. వైరు బ్రష్షు, బ్లీచింగు, యాసిడ్, ప్రెషర్ వాషర్ అయితే ఒక్క పూటలో వందేళ్ళ అరుగుదల తెస్తాయి. రాతి మీద బూడిదరంగు, పసుపు మచ్చల్లా పరుచుకున్నది మురికి కాదు. మన మసాలా డబ్బాలో ఉండే రాతిపువ్వు జాతిదే, లైకెన్. కొన్ని రకాలు ఏడాదికి ఒక మిల్లీమీటరు కూడా పెరగవు. చేతివెడల్పు మచ్చ అంటే కొన్ని తరాల వయసు. దాని పోగులు రాతి రేణువుల మధ్యకు దిగి ఉంటాయి, గోకితే రాయి పైపొర దానితోనే వస్తుంది. పక్షుల రెట్ట, వదులు మట్టి లాంటివి తీయాల్సి వస్తే మంచినీళ్ళు, మెత్తటి సహజ కుచ్చు బ్రష్షు, చెక్క పుల్ల చాలు. తట్టినప్పుడు బోలుగా మోగే రాతిని, పొర లేచిన రాతిని అసలు ముట్టుకోకూడదు.

గోడల విషయంలో అన్నిటికంటే పెద్ద నష్టం మంచి మనసుతో పూసిన సిమెంటు వల్లే జరిగింది. పాత గోడలు గానుగ సున్నంతో కట్టినవి. వాన నీరు గోడలోకి ఎలాగూ వెళ్తుంది, అది సున్నపు అతుకుల గుండా మళ్ళీ ఆవిరై పోవాలి. అతుకు రాతికంటే మెత్తగా ఉండాలి, అరిగితే అతుకే అరగాలి, దాన్ని మళ్ళీ పూసుకోవచ్చు. సిమెంటు పూస్తే నీరు బయటికి రాలేక రాతి గుండానే దారి వెతుక్కుంటుంది. కొన్నేళ్ళకు సిమెంటు గీతలు గట్టిగా ముందుకు పొడుచుకుని, వాటి మధ్య రాళ్ళు గుంటలు పడి కనిపిస్తాయి. సరైన పని ఇది: పాత అతుకును ఉలి, సుత్తితో చేత్తోనే తీసి, ఒక పాలు సున్నానికి రెండున్నర నుంచి మూడు పాళ్ళు గరుకు ఇసుక కలిపి, గోడను ముందుగా తడిపి నింపడం. ఉష్ణోగ్రత 5 డిగ్రీలకు పడిపోయే రోజుల్లో పని మొదలుపెట్టకూడదు. ఈ లోయలో అక్టోబర్ నుంచి మార్చి వరకు ఆగడమే మేలు. పూసినది వారం పైగా తడి గోనెపట్టాల కింద ఉండాలి, లేకపోతే ఎండి పొడిగా రాలుతుంది. కప్పు లేని గోడ నెత్తికి సిమెంటు టోపీ పెట్టడం కంటే పచ్చిక గడ్డ పెళ్ళలు పరచడం మంచిది. అవి వాననీ మంచునూ తమలో పీల్చుకుంటాయి. ఐవీ తీగ గోడలో దిగి ఉంటే పీకకూడదు, రాళ్ళతో సహా వస్తుంది. మొదలు దగ్గర కోసి, ఎండనిచ్చి, తర్వాత కొంచెం కొంచెంగా తీయాలి.

ఇవన్నీ అనుమతితో చేసేవే. 1925 చట్టం తర్వాత పారిష్ చర్చి ఆవరణల్లోని సమాధుల తోటలు స్థానిక ప్రభుత్వాల చేతికి వెళ్ళాయి, బాల్‌విడ్డర్ ప్రాంతానికి ఇప్పుడు స్టిర్లింగ్ కౌన్సిల్. సమాధిరాయి ఆ చోటు హక్కుదారు కుటుంబానిది. రక్షిత కట్టడమైతే 1979 పురాతన కట్టడాల చట్టం కింద హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ స్కాట్లాండ్ అనే ప్రభుత్వ సంస్థ అనుమతి లేకుండా తవ్వడం, రాతిని కదపడం నేరం.

రాయి చెప్పనిది కాగితం చెప్పవచ్చు. స్కాట్లాండ్‌లో జనన మరణాల తప్పనిసరి నమోదు 1855 జనవరి 1న మొదలైంది. అంతకు ముందు నాటి పారిష్ రిజిస్టర్లలో బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు ఉన్నంతగా ఖననాలు ఉండవు. శవపేటిక మీద కప్పే నల్లగుడ్డకు చర్చి వసూలు చేసిన అద్దె లెక్కల్లో మాత్రం పోయినవాళ్ళ పేర్లు దొరుకుతుంటాయి. బీదవాళ్ళకు ఒక్కోసారి ఆ లెక్కే మిగిలిన ఏకైక ఆనవాలు. 1855 నుంచి 1860 వరకు ఇచ్చిన మరణపత్రాల్లో ఎక్కడ పూడ్చారో కూడా రాశారు. ఆ పత్రంలో బాల్‌విడ్డర్ చర్చి ఆవరణ అని ఉండి పైన రాయి కనిపించకపోతే, గడ్డి కింద చూడాలి. వందల ఏళ్ళుగా ఒకే చోట పూడుస్తూ రావడంతో, వీధి పెరిగి గడప కిందికి పోయిన పాత ఇంటిలాగా, ఇక్కడ నేల ఎత్తు పెరిగి పాత బండలు మునిగిపోయాయి. వేసవి ఎండలు గట్టిగా కాసిన వారంలో మునిగిన బండ మీది గడ్డి మిగతాదానికంటే ముందు ఎండి, పలక ఆకారంలో పసుపు మచ్చ తేలుతుంది. పాత చర్చి గోడ మూల నుంచి దానికి ఎంత దూరమో టేపుతో రెండు వైపులా కొలిచి పటంలో గుర్తు పెట్టి, గడ్డిని అలాగే వదిలేయాలి.